ఎనభై ఏడో వంతు గోదాము

(రైల్వే నమూనా బృందం, 9, 10 తరగతుల విద్యార్థులు)

ఈ ఏడు మన హాస్టల్ వార్షికోత్సవ ప్రదర్శనలో మేము పెట్టిన రైల్వే నమూనాను చాలామంది చూశారు. రైలు బండి, సిగ్నల్ స్తంభం, గేటు చూసి ముందుకు సాగినవారు కూడా గోదాము దగ్గర కాసేపు ఆగారు. "ఇది దేనితో చేశారు? రేకులు ఎక్కడ దొరికాయి? కొలతలు ఎవరు చెప్పారు?" అని అడిగారు. ఒక్కొక్కరికి విడిగా చెప్పేకన్నా సంచికలో రాస్తే వచ్చే ఏడు తమ్ముళ్లకు కూడా పనికొస్తుందని వార్డెన్ గారు సూచించారు. కావున ఈ వ్యాసం రాస్తున్నాము.

ముందుగా ఒక మాట. గోదాము నమూనాకు ఖరీదైన సామాను అవసరం లేదు. అట్ట, జిగురు, స్కేలు, బ్లేడు ఉంటే చాలు. అయితే గోదాము అలా ఎందుకు కట్టారో తెలియాలి. అరుగు ఎందుకు అంత ఎత్తు, చూరు ఎందుకు అంత ముందుకు, కిటికీలు ఎందుకు అంత పైన అని తెలుసుకుని చేస్తే నమూనా నిజమైన గోదాములా కనిపిస్తుంది. తెలుసుకోకుండా చేస్తే ఎంత నున్నగా వచ్చినా అది రంగు వేసిన అట్టపెట్టె మాత్రమే.

చిన్న రైళ్ల సంగతి

రైళ్లను, స్టేషన్లను, వంతెనలను ఒకే నిష్పత్తిలో తగ్గించి బల్ల మీద కట్టడం యూరప్, అమెరికా దేశాలలో చాలాకాలంగా ఉన్న అభిరుచి. 1891లో జర్మనీకి చెందిన మార్క్లిన్ కంపెనీ లైప్‌జిగ్ సంతలో నిర్ణీత కొలతల పట్టాలతో బొమ్మ రైలును ప్రదర్శించింది. పట్టాలకు నిర్ణీత కొలతలు ఏర్పడ్డాక ఒక పెట్టెలోని పట్టాలకు మరో పెట్టెలోని పట్టాలు కలపడం వీలైంది. నేడు ఎక్కువ మంది వాడే కొలతను 'హెచ్.ఓ.' అంటారు. అంటే 1:87. నిజమైన వస్తువులో 87వ వంతు అన్నమాట.

ఈ కొలతతో కట్టిన చిన్న రైళ్లలో ప్రపంచ ప్రసిద్ధి చెందినది జర్మనీలోని హాంబర్గ్ నగరంలో ఉంది. దాని పేరు మినియాటూర్ వుండర్‌లాండ్. 2001లో ప్రారంభమైంది. విశేషం ఏమిటంటే ఆ చిన్న రైళ్లు నడిచేది నిజమైన పాత గోదాముల్లోనే. హాంబర్గ్ రేవులో 1883 నుంచి 1927 వరకు కట్టిన ఆ ఎర్ర ఇటుకల గోదాముల పేటను స్పైఖర్‌ష్టాట్ అంటారు. కాఫీ, తేయాకు, మసాలా దినుసులు, తివాచీలు అక్కడ నిల్వ చేసేవారు. ఒక్కో గోదాముకు ఒక వైపు కాలువ, మరో వైపు వీధి. పడవ నుంచి సరుకును పైఅంతస్తుకు లాగడానికి గోడ నెత్తిన గిలక ఉంటుంది. కాలువ, వీధి, గిలక ఈ మూడూ తెలిస్తే ఆ గోదాము ఆకారం మొత్తం అర్థమైపోతుంది. 2015లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాలో చేర్చింది.

మన దేశంలో పుణె నగరంలో జోషీ గారి చిన్న రైళ్ల మ్యూజియం ఉంది. అది 1998లో ప్రారంభమైంది. అవకాశం దొరికినవారు తప్పక చూడాలి.

బొమ్మ రైలు సెట్టు ధర వేలల్లో ఉంటుంది. అది మన వల్ల కాదు. కానీ గోదాము అలా కాదు. విదేశాల్లో కూడా చాలామంది భవనాలను అట్టతోనే కడతారు. రైలు కొనలేకపోయినా గోదాము కట్టవచ్చు. మేము వ్యాగన్లను కూడా అట్టతోనే చేసి చేతితో నెట్టాము.

అడుగుకు మూడున్నర మిల్లీమీటర్లు

87తో భాగించడం అంటే భయపడనక్కరలేదు. ఒక అడుగు 304.8 మి.మీ. దానిని 87తో భాగిస్తే 3.5 మి.మీ. వస్తుంది. కాబట్టి నిజమైన కొలతను అడుగుల్లో తీసుకుని 3.5తో గుణిస్తే నమూనా కొలత మి.మీ.లలో వచ్చేస్తుంది. మీటర్లలో ఉంటే 11.5తో గుణించాలి. మేము గోడకు అంటించుకున్న పట్టిక ఇది:

మనిషి, ఐదున్నర అడుగులు: 19 మి.మీ.
గూడ్స్ అరుగు, పట్టాల పైనుంచి 1,065 మి.మీ. (మూడున్నర అడుగులు): 12 మి.మీ.
తలుపు, 8 అడుగులు: 28 మి.మీ.
అరుగు మీద నుంచి గోడ, 16 అడుగులు: 56 మి.మీ.
ఇటుక పొడవు, 9 అంగుళాలు: 2.6 మి.మీ.
పట్టాల మధ్య దూరం, 1,676 మి.మీ.: 19 మి.మీ.
మూత ఉన్న బి.సి.ఎన్.ఏ. వ్యాగను పొడవు, సుమారు 14.5 మీటర్లు: 166 మి.మీ.
అదే వ్యాగను వెడల్పు, సుమారు 3.2 మీటర్లు: 37 మి.మీ.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. బజారులో దొరికే హెచ్.ఓ. పట్టాల మధ్య దూరం 16.5 మి.మీ. ఉంటుంది. అది 1,435 మి.మీ. పట్టాలకు సరిపోయే కొలత. హైదరాబాద్ మెట్రో పట్టాలు ఆ కొలతలోనే ఉంటాయి. మన బ్రాడ్‌గేజి అంతకన్నా వెడల్పు. కనుక మేము కొబ్బరి ఈనెలను నున్నగా గీకి, 19 మి.మీ. దూరంలో అంటించి పట్టాలు చేశాము.

అన్నిటికన్నా ముఖ్యమైన సూత్రం ఒకటి ఉంది. ఏ వస్తువును నమూనాలో వాడినా ముందు దానిని 87తో గుణించి చూడాలి. ఉదాహరణకు చాలామంది అట్టపెట్టె పైకాగితం ఒలిచి, లోపలి గాళ్ల అట్టను రేకుల కప్పుగా వాడతారు. ఆ గాడి వెడల్పు 6 మి.మీ. ఉంటుంది. 87తో గుణిస్తే అర మీటరు దాటుతుంది. అర మీటరు గాడి ఉన్న రేకును ఎవరైనా చూశారా? చూసేవారికి ఈ లెక్క తెలియకపోయినా ఏదో తేడా ఉందని కన్ను పట్టేస్తుంది. అలాగే కిటికీకి దోమతెర ముక్క అంటిస్తే దాని కన్నాల గుండా ఎలుకేమిటి, పిల్లిపిల్ల కూడా దూరుతుంది. పట్టాల కింద వేసే 50 మి.మీ. కంకర మన నమూనాలో అర మిల్లీమీటరు పైచిలుకు మాత్రమే. అందుకని ఇసుకను పిండి జల్లెడలో రెండుసార్లు జల్లించి, కిందికి దిగినది వాడాము.

నిజమైన గోదామును కొలవడం

మా ఊరి గూడ్స్ షెడ్డును చూసి చేద్దామని నిర్ణయించుకున్నాము. సార్ గారు వెంట రాగా, అక్కడి గూడ్స్ క్లర్కు గారిని అడిగి, రోడ్డు వైపు నుంచే కొలతలు తీసుకున్నాము. పట్టాల మీదికి ఎవరూ దిగకూడదు. అది ప్రాణాపాయం. అనుమతి లేకుండా రైల్వే స్థలంలోకి వెళ్లడం 1989 నాటి రైల్వే చట్టం ప్రకారం నేరం కూడా.

టేపు అందిన చోట టేపుతో కొలిచాము. అందని చోట మూడు ఉపాయాలు వాడాము.

1. ఇటుకలు లెక్కపెట్టడం: సున్నం రాలిన చోట ఇటుక వరుసలు కనిపిస్తాయి. పాత కొలత ఇటుకలైతే సున్నంతో కలిపి నాలుగు వరుసలకు ఒక అడుగు లెక్క సరిపోతుంది.

2. అడుగులు వేయడం: ముందుగా 30 అడుగుల దూరంలో మన నడక ఎన్ని అంగలో చూసుకోవాలి. తరువాత గోడ పొడవునా నడవాలి.

3. నీడ కొలవడం: పదో తరగతిలో సరూప త్రిభుజాలు చదువుకున్నాము కదా! 3 అడుగుల కర్రను నిలువుగా నిలబెడితే నీడ 2 అడుగులు పడింది. అదే సమయంలో చూరు అంచు నీడ, ఆ అంచుకు సరిగ్గా కింది నుంచి 13 అడుగుల దూరంలో పడింది. కాబట్టి చూరు ఎత్తు 13 × 3 ÷ 2 = 19.5 అడుగులు. అందులో అరుగు మూడున్నర పోగా గోడ 16 అడుగులు. సరూప త్రిభుజాల వల్ల ఏం ఉపయోగమని క్లాసులో అడిగినవారికి ఇదే జవాబు.

ఏ భాగం ఎందుకు?

కొలతలు తీసుకున్నాక వెంటనే అట్ట కోయలేదు. మా బృందంలో ఇద్దరి నాయనలు హమాలీ పని చేస్తారు. ఆదివారం పిల్లలను చూడటానికి వచ్చినప్పుడు వారిలో ఒకరిని "కాకా, గోదాములో మేము ముందుగా ఏం చూడాలె?" అని అడిగాము. ఆయన ఇలా చెప్పారు: "గోడలు తర్వాత చూడుండ్రి బిడ్డా, ముందుగాల మనిషి నడిచే తొవ్వ చూడుండ్రి. బరువు మీదున్నోడు పక్కకు తిరగలేడు. తలుపు కాడ ఏదన్న అడ్డం ఉన్నదా, ఆ నడుమే పోతది."

ఆ మాట తరువాత గోదాము మాకు వేరుగా కనిపించింది. ఆయన చెప్పినవి, సార్ గారు చెప్పినవి కలిపి ఇక్కడ రాస్తున్నాము.

అరుగు: వ్యాగను అడుగు భాగానికి, అరుగుకు ఎత్తులో పెద్ద తేడా ఉండకూడదు. మధ్యలో పలక వేస్తే మనిషి బస్తాతో దాదాపు సమంగా నడిచి రాగలగాలి. అటువైపు రోడ్డు మీద ఆగే లారీ తొట్టి కూడా సుమారు ఆ ఎత్తులోనే ఉంటుంది. ఒకే అరుగు ఒక వైపు రైలుకు, మరో వైపు లారీకి పనికొస్తుంది. వాన నీరు, చెద, ఎలుకలు లోపలికి రాకుండా కూడా ఈ ఎత్తు కాపాడుతుంది.

చూరు: తలుపు నుంచి వ్యాగను వరకు బస్తా తడవకూడదు. అందుకే కప్పు గోడ దగ్గర ఆగకుండా అరుగు అంచు వరకు వస్తుంది.

వెంటిలేటర్లు: గోడ పైభాగాన, చూరు కిందుగా ఉంటాయి. లోపలి వేడి గాలి పైకి పోతుంది గనుక దారి పైనే ఉండాలి. కిందుగా పెద్ద కిటికీలు పెడితే వాన జల్లు బస్తాల మీద పడుతుంది, దొంగలకూ సులువు. పిట్టలు రాకుండా జాలి ఉంటుంది.

తలుపులు: రైలు వైపు తలుపుకు సరిగ్గా ఎదురుగా రోడ్డు వైపు తలుపు ఉంటుంది. అప్పుడు నడక తిన్నగా సాగుతుంది. కాకా చెప్పిన తొవ్వ ఇదే.

నెట్టు: బస్తాలను పేర్చిన గుట్టను నెట్టు అంటారు. ఆహార ధాన్యాల గోదాముల్లో ఒక్కో నెట్టుకు 30 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు స్థలం గీతలు గీసి ఉంచడం వాడుక. నమూనాలో అది 105 × 70 మి.మీ. అడుగున చెక్క చట్రాలు వేస్తారు. గోడకు ఆనించరు. చుట్టూ మనిషి తిరిగి పురుగు పట్టిందా, తేమ ఎక్కిందా అని చూసేంత సందు వదులుతారు.

పెద్దదాన్ని బల్ల మీదికి తేవడం

మేము కొలిచిన షెడ్డు 150 అడుగుల పొడవు, 50 అడుగుల వెడల్పు. 15 అడుగులకొక స్తంభం చొప్పున పది గదులుగా కనిపిస్తుంది. లెక్క ప్రకారం నమూనా 525 మి.మీ. పొడవు, 175 మి.మీ. వెడల్పు రావాలి. మా బల్ల పొడవు 4 అడుగులే. అందులోనే స్టేషను, గేటు, రోడ్డు పట్టాలి. నిజమైన గూడ్స్ రైలుకు నలభైకి పైగా బి.సి.ఎన్.ఏ. వ్యాగన్లు ఉంటాయి. అంత రైలును లెక్క ప్రకారం చేస్తే ఆరున్నర మీటర్లు దాటుతుంది. మన భోజనశాల కూడా చాలదు.

అనుభవజ్ఞులైన నమూనాకారులు ఇలాంటప్పుడు కుదింపు పద్ధతి వాడతారు. ఎత్తులు, తలుపులు, మెట్లు, అరుగు లాంటి మనిషితో పోల్చి చూసే కొలతలను ఎప్పుడూ మార్చరు. గదుల సంఖ్యను మాత్రమే తగ్గిస్తారు. మేము పది గదులకు బదులు ఆరు కట్టాము. అంటే 90 అడుగులు, నమూనాలో 315 మి.మీ. వెడల్పు 40 అడుగులు, అంటే 140 మి.మీ. అన్నిటినీ కొంచెం కొంచెం తగ్గిస్తే మాత్రం పక్కన నిలబెట్టిన మనిషి రాక్షసుడిలా కనిపిస్తాడు.

స్థలం మరీ తక్కువైతే బల్ల వెనుక అంచున గోదాము ముందు గోడను, రెండు మూడు సెంటీమీటర్ల లోతు కప్పును మాత్రం కట్టవచ్చు. ఎదురుగా చూసేవారికి పూర్తి గోదాములాగే ఉంటుంది.

కట్టే విధానం

కావలసినవి: బుక్ బైండింగుకు వాడే 2 మి.మీ. అట్ట, పాత నోటుబుక్కుల అట్టలు, ఫెవికాల్, స్టీలు స్కేలు, కొత్త బ్లేడు, మూలమట్టం, పోస్టరు రంగులు, సుద్దపొడి, అన్నం పొట్లాలకు చుట్టే అల్యూమినియం కాగితం, టీ వడపోసే నైలాన్ జాలి పాత ముక్క, సన్న తీగ.

1. అరుగు: 2 మి.మీ. అట్టను 315 × 182 మి.మీ. కొలతతో ఆరు ముక్కలు కోసి ఒకదానిపై ఒకటి అంటించాలి. 12 మి.మీ. ఎత్తు వస్తుంది. 140 మి.మీ. గోదాముకు పోగా ముందు, వెనుక 21 మి.మీ. చొప్పున, అంటే 6 అడుగుల అరుగు మిగులుతుంది. జిగురు తడికి అట్ట వంకర పోతుంది. కాబట్టి రెండు పాత పుస్తకాల మధ్య పెట్టి, పైన ట్రంకు పెట్టె ఎక్కించి ఒక రాత్రి ఉంచాలి.

2. గోడలు: నాలుగు గోడలను అట్ట మీద గీసి, తలుపులు, వెంటిలేటర్లు ముందే కోయాలి. గోడ నిలబెట్టాక కోస్తే నలుగుతుంది. పక్క గోడల త్రిభుజం ఎత్తు 24.5 మి.మీ. (7 అడుగులు). అదే ఆకారంలో మరో ఐదు ముక్కలు కోసి లోపల గది గదికి మధ్య పైభాగాన పెట్టాలి. ఇవి ట్రస్సుల స్థానంలో ఉండి కప్పు కుంగకుండా ఆపుతాయి.

3. స్తంభాలు: గోడ బయటికి ప్రతి 52.5 మి.మీ.కు ఒక సన్న అట్టపట్టీ నిలువుగా అంటించాలి. ఈ పట్టీల నీడే గోడకు అందం తెస్తుంది. చదును గోడ ఎప్పుడూ బొమ్మలాగే కనిపిస్తుంది.

4. తలుపులు: అన్నీ మూసి ఉంచవద్దు. ఒక జత తెరిచి ఉంచాలి. లోపల చీకటి, ఆ చీకటిలో నెట్టు కనిపిస్తే గోదాముకు ప్రాణం వస్తుంది.

5. కప్పు: ఒక్కో వైపు 96 × 319 మి.మీ. అట్ట కావాలి. ఇందులో చూరు కలిసి ఉంది.

ఫెవికాల్ చాలకపోతే మైదాపిండి ఉడికించి జిగురు చేసుకోవచ్చు. అయితే దానికి బొద్దింకలు, పురుగులు వస్తాయి. బైండింగు చేసేవారు అందులో మైలతుత్తం కలుపుతారు. అది విషం. పెద్దలే కలపాలి, చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

రేకుల రహస్యం

ఎక్కువ మంది అడిగింది ఈ రేకుల గురించే. సిమెంటు రేకులో ఒక గాడికి, మరో గాడికి మధ్య దూరం 146 మి.మీ. దానిని 87తో భాగిస్తే 1.7 మి.మీ. అంత సన్నని గాళ్లు ఎక్కడ దొరుకుతాయా అని వెతికితే సైకిలు షాపులో, మెకానిక్ షెడ్డులో సమాధానం దొరికింది. 12 మి.మీ. బోల్టుకు ఒక మరకు, మరో మరకు మధ్య దూరం 1.75 మి.మీ. సరిగ్గా మనకు కావలసినదే!

పాత సైకిలు ట్యూబు ముక్కను బల్ల మీద పరిచి, దానిపై అల్యూమినియం కాగితాన్ని రెండు మడతలు వేసి పెట్టాలి. పొడవాటి బోల్టును దానిపై గట్టిగా నొక్కుతూ ఒక్కసారి దొర్లించాలి. కాగితం మీద సమానమైన గాళ్లు పడతాయి. మర కొంచెం ఏటవాలుగా ఉంటుంది గనుక గాళ్లు కూడా కాస్త వాలుగా వస్తాయి. గాళ్ల వెంబడి ముక్కలు కోసుకుంటే సరిపోతుంది.

నిజమైన రేకు వెడల్పు 1.05 మీటర్లు, పొడవు 3 మీటర్ల వరకు ఉంటుంది. అంటే మన ముక్క 12 × 34 మి.మీ. కింది వరుస ముందు అంటించి, పై వరుస దానిపై కొద్దిగా ఎక్కేలా పెట్టాలి. వాన నీరు పైనుంచి కిందికి జారేటప్పుడు సందులోకి పోకూడదు కదా! ఒక్కో నిలువు వరుసకు 3 ముక్కలు, ఒక్కో వైపు 28 వరుసలు, రెండు వైపులా కలిపి 168 ముక్కలు పట్టాయి. ఒకే పెద్ద కాగితం అంటిస్తే పని పది నిమిషాల్లో అయిపోతుంది. కానీ రేకుకు, రేకుకు మధ్య అతుకు కనిపించదు.

ఒక హెచ్చరిక: నమూనా కోసం పాత సిమెంటు రేకు ముక్కలు తెచ్చి కోయడం, రుద్దడం చేయవద్దు. పాత రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. ఆ ధూళి ఊపిరితిత్తులకు చేటు.

రంగు, మాపు

కొత్త గోదామును ఎవరూ గుర్తుపట్టరు. గోదాము అంటేనే దుమ్ము. తెల్ల రంగులో సుద్దపొడి, చిటికెడు పసుపు మట్టి కలిపి గోడకు వేస్తే సున్నం కొట్టినట్టు గరుకుగా వస్తుంది. ఆరాక చాలా పలుచని బూడిద రంగు నీళ్లు పైనుంచి కిందికి జారేలా పూయాలి. వాన చారికలు ఎప్పుడూ నిలువుగానే ఉంటాయి. అరుగు అడుగున 3.5 మి.మీ. మేర ఎర్రమట్టి రంగు అద్దాలి. వాన చినుకు నేల మీద పడి ఒక అడుగు ఎత్తు వరకు బురద చిమ్ముతుంది. తలుపు పక్క గోడ మీద, మనిషి భుజం ఎత్తున, అంటే సుమారు 16 మి.మీ. దగ్గర నల్లని మరకలు పెట్టాలి. బస్తాలు రాసుకునేది అక్కడే. అరుగు అంచు మధ్యలో అరిగినట్టు కొద్దిగా గీకాలి.

మెరిసే రంగులు, కటిక నలుపు వాడవద్దు. నమూనాను చూడటం అంటే నిజమైన గోదామును దూరం నుంచి చూడటమే. దూరపు వస్తువుల రంగు ఎప్పుడూ కాస్త వెలిసినట్టు ఉంటుంది.

బస్తాలు, మనుషులు

50 కిలోల బియ్యం బస్తా నమూనాలో సుమారు 9 మి.మీ. పొడవు, 5.5 మి.మీ. వెడల్పు ఉంటుంది. చెరువు బంకమట్టిని తాడులా చేసి, కాస్త చదును చేసి, ముక్కలు కోసి, రెండు చివరలా నొక్కితే బస్తా ఆకారం వస్తుంది. మేము సుమారు 300 చేశాము. నెట్టు లోపల అగ్గిపెట్టెలు పెట్టి, పైన, పక్కల మాత్రమే బస్తాలు అంటించాము. ఒక వరుస నిలువు, పై వరుస అడ్డం పేర్చాలి. నిజమైన నెట్టు కూలకుండా ఉండేది కూడా అందువల్లే.

మనుషులను సన్న తీగ, కాగితం గుజ్జుతో చేశాము. వీరిలో బస్తా మోసే మనిషి నిటారుగా ఉండకూడదు. బస్తా వీపు పైభాగాన, మెడ దగ్గర ఉంటుంది. నడుము ముందుకు వంగుతుంది, మోకాళ్లు కొద్దిగా మడుస్తాడు, చూపు నేల మీద ఉంటుంది. తలకు, మెడకు గోనె పట్టా ఉంటుంది. వ్యాగనుకు, అరుగుకు మధ్య పలక, గోడ పక్కన కాటా, నీడలో నీళ్ల కుండ తప్పనిసరి. పట్టాల నడిమి గీత నుంచి అరుగు అంచు 1.67 మీటర్లు, అంటే 19 మి.మీ. ఉండాలి. మా అట్ట వ్యాగన్లు కొద్దిగా ఊగుతాయి గనుక రాసుకోకుండా 21 మి.మీ. పెట్టాము.

పన్నెండు మిల్లీమీటర్ల లెక్క

"అరుగు ఎత్తు 12 మి.మీ. బదులు 6 మి.మీ. ఉంటే ఏం? ఎవరు చూస్తారు?" అని ప్రదర్శనలో ఒక తమ్ముడు అడిగాడు. భౌతికశాస్త్రంలో చదివిన పని సూత్రంతో లెక్క వేసి చూపించాము. అది అందరికీ తెలియాలని ఇక్కడ రాస్తున్నాము.

అరుగు లేని చోట వ్యాగనులోని బస్తాను నేలకు దించి, మళ్లీ లారీ ఎత్తుకు ఎత్తాలి. 50 కిలోల బస్తాను 1.065 మీటర్ల ఎత్తుకు చేర్చడానికి జరిగే పని 50 × 9.8 × 1.065, అంటే 522 జౌళ్లు. ఒక మూత వ్యాగనులో 60 టన్నులకు పైగా సరుకు పడుతుంది. 60 టన్నులే అనుకున్నా 1,200 బస్తాలు. మొత్తం పని 6,26,400 జౌళ్లు. అంటే ఒక టన్ను బరువును 64 మీటర్లు, దాదాపు ఇరవై అంతస్తుల ఎత్తుకు ఎత్తినట్టు. ఇది ఒక్క వ్యాగనుకు. ఇందులో మనిషి తన ఒంటి బరువును ప్రతిసారీ పైకి మోసుకుపోయేది కలపలేదు. నలభై వ్యాగన్లకు ఎంతో మీరే గుణించుకోండి.

సరైన ఎత్తులో అరుగు ఉంటే ఈ ఎత్తుడంతా తప్పుతుంది. నడక మాత్రం మిగులుతుంది. ఎవరో ఇంజనీరు కాగితం మీద గీసిన ఒక గీత కొన్ని వందల మంది నడుములను కాపాడుతుంది. అదే గీత తక్కువైతే ఆ లోటును ప్రతిరోజూ ఎవరో ఒకరు వీపు మీద మోస్తారు. మనలో చాలామంది ఇళ్లల్లో ఆ మోసేవారు ఉన్నారు. వారి కష్టం వల్లనే మనం ఇక్కడ పుస్తకం పట్టుకున్నాము. అందుకే మా నమూనాలో అరుగు ఎత్తు విషయంలో అర మిల్లీమీటరు కూడా తగ్గలేదు.

మన హాస్టల్ వంటగదికి వచ్చే బియ్యం బస్తా కూడా ఇలాంటి దారినే వస్తుంది. మిల్లు నుంచి గోదాముకు, అక్కడి నుంచి ఎం.ఎల్.ఎస్. పాయింటుకు, అక్కడి నుంచి మన గేటు లోపలికి. ప్రతి మలుపు దగ్గర ఒకరు ఎత్తారు, ఒకరు దించారు. చివర మన కామాటి అన్న స్టోరు గదిలోకి మోస్తాడు. కంచంలో అన్నం వదిలేసేటప్పుడు ఆ దారి గుర్తుకు రావాలి.

తమ్ముళ్లకు సూచనలు

మాకు మొత్తం ఖర్చు 240 రూపాయలు అయింది. అందులో ఎక్కువ భాగం రంగులకు, ఫెవికాల్‌కు పోయింది. ఐదుగురు కలిసి రోజూ సాయంత్రం స్టడీ అవర్ ముందు ఒక గంట చొప్పున పనిచేస్తే ఆరు వారాలు పట్టింది. మీరు చేయదలిస్తే ఈ వరుస పాటించండి: ముందు చూడండి, తరువాత అక్కడ పనిచేసేవారిని అడగండి, తరువాత కొలవండి, ఆ తరువాతే కోయండి. బ్లేడు ఎప్పుడూ స్టీలు స్కేలు ఆనుకుని, వేళ్లకు దూరంగా లాగండి. ఒకే దెబ్బకు కోయాలని చూడకుండా మూడు నాలుగు సార్లు మెల్లగా గీయండి.

గోదామే కానక్కరలేదు. మీ ఊరి రైసుమిల్లు, మార్కెట్ యార్డు, పత్తి జిన్నింగు మిల్లు, నీళ్ల ట్యాంకు ఏదైనా సరే, అందులో పనిచేసే మనిషి ఎక్కడ నిలబడతాడో, ఎటు నడుస్తాడో ముందు తెలుసుకుని చేయండి. మా అరుగు కొలతలు, బోల్టు, సైకిలు ట్యూబు ముక్క సైన్సు గది బీరువాలో ఉంచాము. వచ్చే ఏడు మీరు మిగిలిన నాలుగు గదులు కూడా కట్టి 150 అడుగుల గోదామును పూర్తి చేస్తారని ఆశిస్తున్నాము.